తల్లిని అడుగవలసిన ప్రశ్న

ధ్యానభాగము: యోహాను సువార్త 9:1–23



మన వరంగల్ ప్రాంతపు పల్లెలలో చూపు లేని బిడ్డ పుట్టినప్పుడు మొదట ప్రశ్నింపబడునది తల్లియే. గ్రహణమునాడు బయటికి వచ్చితివా? ఏమి తింటివి? ఏ తప్పు చేసితివి? సంఘములోనున్న మనము గ్రహణమును నమ్మము గాని, ఆ యింట ప్రార్థన తక్కువయని అనుకొందుము. మేమును అట్లనుకొన్నవారమే.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, దోషి యెవరని శిష్యులు అడిగిరి. ప్రభువు వానిమీద గాని వాని తలిదండ్రులమీద గాని నేరము మోపలేదు. అయినను కుమారునికి చూపు వచ్చినప్పుడు ఆ తలిదండ్రులకు దొరికినది సంతోషము కాదు, పెద్దల విచారణయే.

కన్ను మెదడునుండియే పుట్టును. గర్భము నిలిచిన తొలి వారములలో అది మెదడునుండి మొగ్గవలె సాగి ఏర్పడును. ఆరోగ్యమైన కంటి నరములో సుమారు పది లక్షల పోగులుండును. కొందరు బిడ్డలలో ఈ నరము చిన్నదిగా, పలుచగా ఏర్పడును. కన్ను పైకి చక్కగానే యుండును. బిడ్డ మాత్రము తల్లి ముఖముమీద చూపు నిలుపడు, కనుగ్రుడ్లు అటునిటు కదలుచుండును. కళ్లద్దములు గాని శస్త్రచికిత్స గాని ఆ నరమును పెంచలేవు. చాలమంది బిడ్డలలో దీనికి కారణము తెలియదు.

కంటితోపాటు మెదడులోను లోపముండవచ్చును. ఈ రెంటికిగల సంబంధమును స్విట్జర్లాండు వైద్యుడు జార్జి ద మోర్సియే 1956లో వివరించెను. కొందరిలో మెదడు రెండు సగములను కలుపు వంతెనవంటి భాగము లోపించును. కొందరిలో మెదడు అడుగున బఠాణీ గింజంతయుండు పిట్యూటరీ గ్రంథి సరిగా పనిచేయదు. అట్టి పసిబిడ్డకు రక్తములో చక్కెర పడిపోవచ్చును, పచ్చకామెర్లు త్వరగా తగ్గకపోవచ్చును, ఎదుగుదల కుంటుపడవచ్చును. ఒక మామూలు జ్వరమే ప్రాణముమీదికి రావచ్చును. అయితే లోపించిన హార్మోనులను మందుగా ఇయ్యవచ్చును. చూపు తేలేని వైద్యము ప్రాణము నిలుపగలదు.

ఇక్కడనే మన నాలుక చేయు కీడు తెలియును. నిందపడిన తల్లి బిడ్డను ఇంట దాచును. దాచబడిన బిడ్డకు పరీక్ష జరుగదు. తీర్పు తీర్చితిమని మనము తలంతుము. నిజముగా ఆ బిడ్డకున్న కాలమును దొంగిలితిమి.

చూపు రాని బిడ్డయందు దేవుని క్రియ ఎక్కడ అని ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆనాడు ప్రభువు కారణము విచారించుచు నిలువలేదు. పగలుండగా పని చేయవలెనని చెప్పి, నేలకు వంగి బురద చేసెను. చూపు ఇచ్చు శక్తి మనకు లేదు గాని వంగుటకు నడుమున్నది, పగలును ఉన్నది.

వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రియు, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రియు ఉన్నవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీ పిల్లలను వైద్య బృందములు పరీక్షించును. కంటి పరీక్షతోపాటు మెదడు స్కానింగు, హార్మోనుల పరీక్ష అవసరమా అని వైద్యుని అడుగవలెను. ఆ తల్లికి కావలసినది బస్సు ఖర్చు, పోయిన దినపు కూలి, బిడ్డను ఎత్తుకొనుటకు మరి రెండు చేతులు. ఇవి సంఘము ఇయ్యగలిగినవే.

కాబట్టి ఇకమీదట, ఏమి చేసితివని ఆమెను అడుగకుందము. "అమ్మా, బిడ్డ పాలు త్రాగుచున్నాడా? జ్వరము వచ్చినప్పుడు ఎట్లుండెను? ఆసుపత్రికి మేము తోడు వత్తుమా?" అని అడుగుదము. అట్టి ప్రశ్నలు మన నోట నుంచునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.