మేతకు పెంచే పురుగు: అహింసలో లెక్కకున్న స్థానం

పెంపకపు చేపలకు, రొయ్యలకు వేసే మేతలో మాంసకృత్తుల కోసం చాలాకాలంగా వాడుతున్న చేపపొడి, సముద్రంలో వేటాడిన చిన్న చేపల నుంచి, ముఖ్యంగా పెరూ తీరపు ఆంకోవెటాల నుంచి తయారవుతుంది. ఈ వేట సముద్రజీవుల ఆహారాన్ని హరిస్తోందన్న ఆందోళనా, పశ్చిమ ఆఫ్రికా తీరంలో పేదల కంచంలోకి వెళ్లవలసిన చేప పొడి మిల్లులకు తరలిపోతోందన్న విమర్శా బలపడడంతో, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలను, అంటే గుడ్డు నుంచి వెలువడి ఇంకా రెక్కలు రాని దశలోని పురుగులను, కూరగాయల వ్యర్థాల వంటి వాటిపై పెంచి, చంపి, ఎండబెట్టి పొడిచేసే పరిశ్రమ తలెత్తింది. ఏడు కీటకజాతుల మాంసకృత్తులను చేపల మేతలో వాడడానికి యూరోపియన్ యూనియన్ 2017లో అనుమతించింది. పర్యావరణం వైపు నుంచి ఈ మార్పుపై చర్చ విస్తారంగానే సాగింది. ఒక జీవికి బదులు మరొక జీవిని చంపడం ధర్మం దృష్టిలో మెరుగా అన్న ప్రశ్న మాత్రం తగినంత విచారణకు రాలేదు.

ఎదిగిన లార్వా ఒక్కొక్కటి గ్రాములో సుమారు అయిదో వంతు తూగుతుంది, అందులో మూడింట రెండు వంతులు నీరే. కాబట్టి కిలో పొడికి పదిహేను వేలకు అటూ ఇటూ ప్రాణాలు పోతాయి. అదే కిలో చేపపొడికి నాలుగైదు కిలోల చిన్న చేపలు, అంటే కొన్ని వందల ప్రాణాలు చాలు. సంఖ్యే కొలమానమైతే పురుగుపొడి ఘోరమైన హింస. పురుగు కన్నా చేప ఎక్కువ బాధ అనుభవించే జీవి అనుకుంటే అదే పురుగుపొడి దయతో కూడిన ప్రత్యామ్నాయం.

ఈ చిక్కును జైనులు ఏనాడో ఎదుర్కొన్నారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వర్గీకరిస్తుంది: నేలపురుగుకు స్పర్శ, రుచి అనే రెండు ఇంద్రియాలు, చీమకు వాసనతో మూడు, తుమ్మెదకు చూపుతో నాలుగు, చేపకూ మనిషికీ వినికిడితో అయిదు. ఈ లెక్కలో ఈగ చేపకు ఒక్క మెట్టే కింద. అయితే ఆ మెట్లు దోషపు బరువును చెబుతాయే తప్ప కింది మెట్టులోని జీవిని చంపడానికి అనుమతి ఇవ్వవు. సూత్రకృతాంగం అనే జైనాగమంలో హస్తితాపసులు కనిపిస్తారు. వారు ఏడాదికొక ఏనుగును చంపి దాని మాంసంతో బతుకుతూ, ఆ ఒక్క ప్రాణంతో లెక్కలేనన్ని చిన్న ప్రాణాలను కాపాడుతున్నామని వాదిస్తారు. ఒక్క ప్రాణిని చంపినా దోషం నుంచి తప్పించుకోలేరని ఆర్ద్రకుడనే జైన ముని వారికి సమాధానమిస్తాడు. చావుల సంఖ్య తగ్గించామన్న లెక్క ఎంత నిజమైనా, చంపాలన్న సంకల్పాన్ని అది కడిగివేయదన్నది ఇక్కడి సారాంశం.

వైదిక సంప్రదాయం మరొక విభజన చేసింది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదింటి వల్ల ప్రతి గృహస్థుడి ఇంట్లో తెలియకుండానే క్రిమికీటకాలు చనిపోతాయని, అవి పంచసూనలని, అంటే అయిదు వధ్యస్థానాలని, వాటి దోషం పోవడానికి రోజూ పంచమహాయజ్ఞాలు చేయాలని మనుస్మృతి విధించింది. భారతంలో ధర్మవ్యాధుడు నాగలి దున్నినా ప్రాణులు చస్తాయని గుర్తు చేస్తాడు. ఇవన్నీ బతుకు సాగించడంలో తప్పనిసరిగా తగిలే హింసలు. చేపపొడికి బదులు మేతలో వాడే సోయాను పండించే పొలంలో చచ్చే పురుగులు ఈ కోవలోకే వస్తాయి. లార్వాల పెంపకంలో మాత్రం చావు పక్కన తగిలేది కాదు. ఆ జీవి పుట్టుకకే ఉద్దేశం చావు. ఆ చావును చిన్నదని కొట్టిపారేయడానికి మాండవ్యుడి కథ ఒప్పుకోదు: బాల్యంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చినందుకే ఆ ముని శూలం మీద నిలవవలసి వచ్చింది. అయితే అంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా అని ఆయన యముణ్ణి శపించడంతో, పురుగు బాధ లెక్కలోకి వస్తుందన్న మాటా, దాన్ని దాని పరిమాణంలోనే తూచాలన్న మాటా ఒకే కథలో నిలిచాయి.

చేతనే, అంటే ఉద్దేశమే, కర్మ అని బోధించిన బౌద్ధం పక్కన తగిలే చావుకూ ఉద్దేశించిన చావుకూ ఉన్న ఈ తేడాను మరింత స్పష్టం చేస్తుంది. పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాలను మన దేశంలో చేపల మేతకు వాడడం కొత్త కాదు. అక్కడ పురుగు చచ్చింది పట్టు కోసం, మేతకు పోయింది మిగులు మాత్రమే. రెక్కల పురుగు బయటికి వచ్చాక విడిచిన గూటి నుంచి దారం తీసే అహింసా పట్టును హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య రూపొందించడం, ఆ మొదటి చావును కూడా తప్పించవచ్చని చూపింది. మేతకోసమే పెంచిన లార్వాకు అటువంటి దారి లేదు.

పురుగుకు బాధ తెలియదన్న నమ్మకం ఇప్పుడు శాస్త్రంలోనూ సడలింది. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వెలువడిన, పలువురు శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు సంతకం చేసిన ప్రకటన, కీటకాలకు కూడా అనుభూతి ఉండే అవకాశాన్ని కొట్టివేయలేమని, ఆ అవకాశాన్ని పట్టించుకోకుండా నిర్ణయాలు తీసుకోవడం బాధ్యతారాహిత్యమని చెప్పింది.

అందువల్ల పురుగుపొడిని అహింస పేరుతో సమర్థించడం కుదరదు. సముద్రాన్నీ, పేదల ఆహారాన్నీ కాపాడడానికి ఎంచుకున్న తక్కువ హింసగానే, అదీ షరతులతోనే, ఒప్పుకోవచ్చు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో శీలావతి, బొచ్చె వంటి చేపలు ప్రధానంగా తవుడు, చెక్కలతోనే పెరుగుతున్నప్పుడు వాటికి పురుగు అవసరం లేదు. రొయ్యల వంటి వాటి మేతకు మాంసకృత్తులు తప్పనిసరైన చోట మొదట మిగులు పదార్థాలను, ఆ తర్వాతే లార్వాలను వాడాలి. చంపేటప్పుడు క్షణంలో ప్రాణం పోయే పద్ధతినే పాటించాలి. దోషం తగ్గించుకోవడం ధర్మమే. తగ్గిన దోషాన్ని పుణ్యంగా ప్రచారం చేసుకోవడం ధర్మం కాదు.