ఇల్లు మనదే, నియమం ఎవరిది?



మన కుటుంబాల్లో ఇప్పుడొక కొత్త సంగతి కనిపిస్తోంది. తాత పాలేరుగా బతికాడు. తండ్రి చిన్న ఉద్యోగంలో చేరాడు. పిల్లలు చదువుకుని హైదరాబాదులోనో విశాఖలోనో బ్యాంకు లోనుతో ఒక ఫ్లాటు కొన్నారు. ఒక గదో, పై పోర్షనో ఖాళీగా ఉంటే ఎయిర్‌బిఎన్‌బి లాంటి యాప్‌లో పెట్టి రోజువారీ అద్దెకు ఇస్తున్నారు. నెల అద్దె కంటే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి, ఈఎంఐకి ఆసరా అవుతుంది. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఉపాసకులు చేయకూడని వ్యాపారాలని బుద్ధుడు చెప్పినవి ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. వచ్చిన మనిషికి పక్క చూపించి అద్దె తీసుకోవడం ఆ ఐదింటిలో లేదు.

మరి చిక్కెక్కడుంది? చేసే తీరులో ఉంది. అసోసియేషన్‌కి చెప్పాలా? పోలీసులకి వివరాలు ఇవ్వాలా? మునిసిపాలిటీ లైసెన్సు ఎందుకు? పన్ను ఎందుకు? "నా ఇల్లు, నా ఇష్టం" అనే మాట వెంటనే నోటికొస్తుంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "అందరూ అలాగే నడుపుతున్నారు, మనకొక్కరికేనా?" ఈ రెండు మాటల్నీ ఈసారి నిదానంగా పరిశీలిద్దాం. ఎవరో చెప్పారని ఒప్పుకోవద్దు, మీరే తూచి చూడండి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నియమం అనగానే మన మనసు కొంచెం ముడుచుకుంటుంది. దానికి కారణం ఉంది. ఈ వీధిలో నడవకూడదు, ఈ బావిలో చేద వేయకూడదు, ఈ గుడి మెట్లు ఎక్కకూడదు - తరతరాలుగా మనకు తెలిసిన నియమాలు ఇవే. కాబట్టి "రూలు" అంటే మనల్ని ఆపేది అనే అనుమానం నెత్తురులోనే ఉంటుంది. ఆ అనుమానం ఒక్కోసారి మేలు చేస్తుంది కూడా. కానీ చరిత్రలో ఒక పేజీని మళ్ళీ తిరగేసి చూడండి.

మహాడ్ చవదార్ చెరువు పోరాటాన్ని మనం ఏటా గుర్తు చేసుకుంటాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ చెరువు నీళ్ళు దోసిట పట్టారు. అప్పటికి చట్టం ఎవరి పక్కన ఉంది? 1923లోనే బొంబాయి శాసనమండలి ప్రజాధనంతో కట్టిన బావులు, చెరువులు, ధర్మశాలలు అంటరానివారికి కూడా తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ ఆ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. అంటే నియమం మన వైపే ఉంది. దాన్ని పాటించనివాళ్ళు ఊరి పెద్దలు. "ఊరు మాది, మా ఇష్టం" అన్నది వాళ్ళు. మన పెద్దలు నడిచింది ఉన్న నియమాన్ని అమలు చేయించడానికి. "నా ఇల్లు, నా ఇష్టం" అనే ముందు ఈ మాట ఒకసారి మనసులో పెట్టుకోండి. బలవంతుడికి నియమం లేకపోయినా గడుస్తుంది. నియమం లేకపోతే గడవనిది బలహీనుడికే.

అలాగని రాసి ఉన్న ప్రతి నియమానికీ తల వంచమని ధమ్మం చెబుతుందా? చెప్పదు. 1936లో కులనిర్మూలన మీద రాసిన ప్రసంగంలో బాబాసాహెబ్ నియమానికీ సూత్రానికీ తేడా చూపించారు. నియమం ఇలా చెయ్యి అని ఆజ్ఞ ఇస్తుంది, వంటకు కొలతలు చెప్పినట్టు. సూత్రం ఒక పనిని ఏ కొలమానంతో తూచాలో చెబుతుంది. నియమం ప్రకారం చేసిన పనిలో మనిషి బుద్ధి ఉండకపోవచ్చు. సూత్రం ప్రకారం చేసిన పనికి మాత్రం మనిషి తానే బాధ్యుడవుతాడు. కాబట్టి మనం అడగాల్సిన ప్రశ్న "రూలు ఉందా లేదా" అన్నదొక్కటే కాదు. "ఈ రూలు వెనక ఎవరి క్షేమం ఉంది?" అన్నది అసలు ప్రశ్న.

సంఘ వినయం పుట్టిన తీరు కూడా ఇదే. బుద్ధుడు ముందే కూర్చుని నియమాల చిట్టా రాయలేదు. ఏదో ఒక సంఘటన జరుగుతుంది, ఎవరికో ఇబ్బంది కలుగుతుంది, అప్పుడు నియమం వస్తుంది. బస విషయంలోనూ అంతే. విహారానికి వచ్చే భిక్షువు ఎలా నడుచుకోవాలి, ఉండేవాళ్ళు అతనికి ఆసనం, నీళ్ళు, పడక ఎలా చూపించాలి, వెళ్ళేవాడు సామాను సర్ది, తలుపులు మూసి, చెప్పి ఎలా వెళ్ళాలి - ఇవన్నీ వినయంలో ఉన్నాయి. బింబిసారుడు వర్షావాసం మొదలుపెట్టే రోజును వెనక్కి జరపమని కోరినప్పుడు, ఆ విషయంలో రాజు మాట పాటించడానికి బుద్ధుడు సంఘానికి అనుమతి ఇచ్చాడు. ఊరి మధ్య బతికేవాళ్ళు ఊరి ఏర్పాటుతో కలిసి నడవాలన్నది ఆయనకు తెలియని సంగతి కాదు.

ఇప్పుడు మన అద్దె గది దగ్గరకు వద్దాం. ఒక్కొక్క నియమాన్నీ తీసుకుని, దాని వెనక ఎవరున్నారో చూద్దాం.

మొదటిది పక్కింటివాళ్ళు. అపార్ట్‌మెంట్‌లో గోడ ఉమ్మడి, లిఫ్టు ఉమ్మడి, బోరు నీళ్ళు ఉమ్మడి. మన రాష్ట్రాల్లో అపార్ట్‌మెంట్లకు 1987 నాటి చట్టం ఉంది, దాని కింద అసోసియేషన్ బైలాలు ఉంటాయి. రోజుకో కొత్త ముఖం లిఫ్టు ఎక్కుతుంటే, కింది ఫ్లోరులో ఒంటరిగా ఉండే పెద్దామెకు భయం వేస్తుంది. రాత్రి రెండింటికి మ్యూజిక్ మోగితే తెల్లారి పరీక్ష ఉన్న పిల్లకు నిద్ర ఉండదు. అద్దె మనకొస్తుంది, దాని ఖర్చు వాళ్ళు భరిస్తారు. అడగకుండా ఒకరి ప్రశాంతత తీసుకోవడం రెండో శీలం కిందికి రాదా? ఆలోచించండి.

రెండోది ఇంటి యజమాని. కొందరు ఫ్లాటును నెల అద్దెకు తీసుకుని, యజమానికి తెలియకుండా రోజువారీ అద్దెకు తిప్పుతారు. అగ్రిమెంటులో "ఇతరులకు అద్దెకు ఇవ్వరాదు" అని సంతకం పెట్టి చేసే పని ఇది. ఇక్కడ రెండో శీలంతో పాటు నాలుగోదీ పోతుంది.

మూడోది అతిథి. డబ్బులిచ్చి మన కప్పు కింద పడుకున్నవాడి ప్రాణం ఆ రాత్రికి మన పూచీ. గ్యాస్ పైపు, కరెంటు వైరింగు, గీజరు, మెట్ల మీద లైటు, మంటలు ఆర్పే సిలిండరు - తనిఖీ అంటే ఆఫీసర్ల గొడవ అనుకుంటాం గానీ, ఒక్క షార్ట్ సర్క్యూట్ జరిగితే అప్పుడు అర్థమవుతుంది. పడకగదిలో దొంగ కెమెరా పెట్టడం నేరమని వేరే చెప్పాలా? ఇంటి లోపల కెమెరాలనే ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా నిషేధించింది.

నాలుగోది రిజిస్టరు. వచ్చినవారి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరాలు రాసి ఉంచాలి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలపాలి. ఇన్నేళ్ళూ ఫారం-సి అని పిలిచింది దాన్నే. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చిన మన మేనత్త కొడుకైనా చట్టం దృష్టిలో విదేశీయుడే. అదే సమయంలో అతిథి కాగితాలు మన చేతిలో ఉన్న అమానతు. ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టి మూలన పడేయకూడదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, చాలినచోట అదే తీసుకోండి.

రిజిస్టరు మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగండి. 1917లో బాబాసాహెబ్ విదేశీ చదువుల తర్వాత బరోడా సంస్థానం కొలువుకు వెళ్ళారు. ఊళ్ళో ఆయనకు గది ఇచ్చేవాళ్ళు లేరు. ఒక పార్శీ సత్రం దొరికింది, కానీ అది పార్శీలకు మాత్రమే. సత్రం చూసుకునే మనిషితో మాట్లాడి, రోజుకు రూపాయిన్నర చొప్పున, రిజిస్టరులో పార్శీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజు పొద్దున డజను మంది కర్రలతో వచ్చి ఆయన్ను వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే స్వయంగా రాసుకున్నారు. గది ఇచ్చే స్థానంలో, రిజిస్టరు పట్టుకునే స్థానంలో ఇవాళ మనం ఉన్నాం. ఆ పుస్తకంలో పేరు అడగాలి, గుర్తింపు అడగాలి. కులం అడిగే గడి ఉండకూడదు. ఇంటిపేరు చూసి, మతం చూసి, "సారీ, బుక్ అయిపోయింది" అనకూడదు. హోటళ్ళలో ప్రవేశానికి కులం, మతం అడ్డు కాకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. మనది హోటలు కాదు, ఇల్లే కదా అని వాదించడం మనకు తగదు.

ఐదోది ఊరు. పర్యాటకులకు ఫ్లాట్లు ఇస్తే ఎక్కువ డబ్బు వస్తుందని యజమానులందరూ అటే మళ్ళితే, ఊళ్ళో పని చేసుకునేవాళ్ళకు అద్దె ఇళ్ళు దొరకవు. న్యూయార్క్ నగరం అందుకే 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా పట్టుకుంది. 30 రోజుల కంటే తక్కువకు ఇస్తే నగరంలో నమోదు చేసుకోవాలి, యజమాని అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరి కంటే ఎక్కువ అతిథులు ఉండకూడదు. బార్సిలోనా మేయరు ఇంకా ముందుకు వెళ్ళి, 2028 నవంబరు నాటికి 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ముగిసిపోతాయని ప్రకటించాడు. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కూడా ఇదే దారి. ఒకటి నుంచి ఆరు గదుల వరకే, అదీ యజమాని కుటుంబం అక్కడే కాపురం ఉంటేనే గుర్తింపు. ఇల్లు ఇల్లుగా మిగలాలన్నది దాని భావం.

ఆరోది మనల్ని అన్నిటికంటే గట్టిగా నిలదీసేది: అరకు. చలికాలం వచ్చిందంటే అరకు, లంబసింగి, మారేడుమిల్లి దారులు కార్లతో నిండిపోతాయి. "అక్కడ ఒక ఎకరం లీజుకు తీసుకుని నాలుగు కాటేజీలు వేద్దాం" అనే ఆశ మన చదువుకున్న పిల్లలకూ పుడుతోంది. కానీ అది ఏజెన్సీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. 1/70 అని అందరికీ తెలిసింది అదే. దాని ప్రకారం అక్కడి స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీయే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, గనుల లీజులను ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు ఇవ్వకూడదని తేల్చింది. ఆ కేసు మొదలైన అనంతగిరి అరకు దారిలోనే ఉంది. ఇప్పుడు ఒక గిరిజన యువకుడి పేరు పెట్టి, వెనక డబ్బు మనం పెట్టి, లాభం మనం తీసుకుంటే దాన్ని ఏమనాలి? మన భూములు వేలిముద్రలతో ఎలా పోయాయో మనకు తెలుసు. ఆ వేలిముద్రే ఇంకొకరి చేత వేయిస్తామా? షెడ్యూల్డ్ కులాలవాళ్ళమైనా, ఏజెన్సీలో మనం గిరిజనేతరులమే. బాధపడ్డవాడికి బాధపెట్టే హక్కు రాదు.

ఇక "అందరూ అలాగే చేస్తున్నారు" అనే మాట. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనవాళ్ళ సామెత. అది లోకరీతి మీద వేసిన ఎత్తిపొడుపు, మనకు దారి చూపేది కాదు. నిజమే, ఆఫీసుల్లో చెప్పులరిగేలా తిప్పుతారు. చెయ్యి తడపమంటారు. పెద్దవాళ్ళ పని ఫోను మీద అయిపోతుంది, మన ఫైలు మీద దుమ్ము పేరుకుంటుంది. ఈ కోపం న్యాయమైనది. కానీ దానికి మందు దొంగచాటుగా నడపడం కాదు. దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి, ఆలస్యమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఎక్కడుందో అడగండి. నియమమే అన్యాయంగా ఉంటే బహిరంగంగా ఎదిరించండి. "ఫలానా కులం వాళ్ళకు, మాంసం తినేవాళ్ళకు ఇవ్వకూడదు" అని అసోసియేషన్ తీర్మానం చేస్తే దాని వెనక ఎవరి క్షేమమూ లేదు, అవమానం ఒక్కటే ఉంది. దాన్ని జనరల్ బాడీలో ప్రశ్నించండి, కోర్టుకు తీసుకెళ్ళండి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది ఇదే: రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు వాటిని వదిలేయడం అరాచకానికి దారి. మహాడ్‌లో పట్టపగలు, అందరి ముందు నడిచారు. ఎదిరించడానికీ తప్పించుకోవడానికీ ఉన్న తేడా అదే. ఎదిరించేవాడు పేరు చెప్పి నిలబడతాడు, తప్పించుకునేవాడు పేరు దాచుకుంటాడు.

కాబట్టి గదిని యాప్‌లో పెట్టే ముందు ఈ పనులు చేయండి. అసోసియేషన్ బైలాలు చదివి, రాతపూర్వకంగా అనుమతి అడగండి. అద్దె ఇల్లయితే యజమాని సంతకం తీసుకోండి. మునిసిపల్ ఆఫీసులో ట్రేడ్ లైసెన్సు గురించి, కరెంటు ఆఫీసులో మీ కనెక్షన్ కేటగిరీ గురించి, పోలీస్ స్టేషన్‌లో రిజిస్టరు గురించి అడగండి. ఈ ఆదాయాన్ని ఇన్‌కంటాక్స్ లెక్కలో చూపండి. సేవల మీద మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు ఉంటుంది. పన్ను అంటే పోయిన డబ్బు అనుకోవద్దు. మన పిల్లలు చదివిన హాస్టలూ స్కాలర్‌షిప్పూ అలాంటి డబ్బుతోనే నడిచాయి.

చివరగా అనాథపిండికుడికి బుద్ధుడు చెప్పిన నాలుగు సుఖాలు గుర్తు చేసుకుందాం. కష్టపడి సంపాదించిన ఆస్తి ఉండడం ఒక సుఖం. దాన్ని అనుభవించి, దానం చేయడం ఒకటి. అప్పు లేకపోవడం ఒకటి. ఏ నింద లేకుండా బతకడం నాలుగోది. మొదటి మూడూ కలిపినా ఈ నాలుగోదానిలో పదహారో వంతుకు రావని ఆయన అన్నాడు. ఫ్లాటు మొదటి సుఖం ఇస్తుంది. అద్దె రెండో సుఖానికి, తీరిన లోను మూడో సుఖానికి దారి చూపుతాయి. అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే గుండె దడ లేకుండా లేచి తీయగలగడం నాలుగోది. అది ఏ యాప్‌లోనూ బుక్ అవదు. రోజూ మనమే సంపాదించుకోవాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.