ఆయుధ వివేకము

పరమేశ్వరుడు మనుష్యునకు కొమ్ములనుగాని కోఱలనుగాని యొసగలేదు. రెండు చేతులను, వానిని నడపుటకు బుద్ధిని, బుద్ధిని నడపుటకు అంతరాత్మను ఒసగెను. కావున మనుష్యుడు చేతబట్టు ఆయుధము వాని దేహముతో పుట్టినది కాదు; వాని యెన్నికవలన వచ్చినది. పులి తన పంజాకు ఉత్తరవాది కాదు. మనుష్యుడు తన తుపాకికి ఉత్తరవాది. ఈ భేదమును మఱచినవారు ఆయుధముయొక్క వెలను, బరువును, తయారైన చోటును విచారించి, అందలి ధర్మాధర్మములను విచారింపక విడుతురు.

జ్యోతినగరము రామగుండపు విద్యుత్కేంద్రము నాశ్రయించి వెలసిన వాడ. 1983లో ఆ కేంద్రపు మొదటి యంత్రము నడచినది మొదలు ఇచ్చటి వెలుగు బహుదూర ప్రాంతములకు పోవుచున్నది. ప్రక్కనే గోదావరిఖని బొగ్గుగనులు. ఏటి కావల మంచిర్యాల యడవులు. ఈ చోట మా మిత్రులిద్దఱు మమ్ము రెండు ప్రశ్న లడిగిరి. ఒకరు గనికార్మికులు. తాము రాత్రి షిఫ్టునకు పోవునప్పుడు క్వార్టరులో భార్యాబిడ్డలు ఒంటరిగా నుందురనియు, దొంగలభయము కలదనియు, రివాల్వరు కొనుట మేలో తుపాకి కొనుట మేలో చెప్పుడనియు వారి ప్రశ్న. రెండవవారు ఏటికావల భూమిగల రైతు. అడవిపందులు మొక్కజొన్న చేనిని ఒక్కరాత్రిలో దున్నివేయుచున్నవనియు, నాటుతుపాకి మంచిదో, పందులకు పెట్టు కరెంటుతీగ మంచిదో తెలుపుడనియు వారి ప్రశ్న. ఈ రెండును సంతలో వస్తువు నేరుకొను ప్రశ్నలవలె నున్నవి. కాని రెంటియందును ప్రాణము లిమిడియున్నవి. కాబట్టి ముద్రించి యుత్తర మిచ్చుట యుక్తమని తలచితిమి.

ముందుగా, ఆయుధమే తగదనువారి వాదమును గౌరవముతో విందము. సర్వభూతములు ఒక్క తండ్రి బిడ్డలని నమ్మువారికి హింస యెట్లు చెల్లునని వా రందురు. దానికి మా సమాధాన మిది. నిరపరాధిని చంపవచ్చినవాని చేయి పట్టుకొనుట హింస కాదు. దానిని చూచుచు ఊరకుండుట అహింసయు కాదు. గాంధీమహాత్ముడును 1920లో వ్రాసిన యొక వ్యాసమున, పిఱికితనము, హింస అను రెండే మార్గము లున్నచో రెండవదానినే చెప్పుదునని తెలిపియున్నాడు. మన దేశపు శాసనమును ఈ హక్కు నొప్పుకొనుచున్నది. 2024 జూలై 1 మొదలు అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోని 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పుచు, దానికి ఎల్లలను గూడ ఏర్పఱచినవి: రక్షణకు కావలసినదానికంటె మించిన హాని చేయరాదు, అధికారుల నాశ్రయించుటకు కాలము చిక్కినచోట ఆ హక్కు లేదు. ఆయుధము చెల్లును, కాని అవసరము దాటినతోడనే చెల్లకపోవును.

ఈ నేల ఆయుధము లెఱుగనిది కాదు. 1940లో జోడేఘాటు కొండలలో కొమురం భీము తనవారి భూమికొఱకు పోరాడి నిజాము పోలీసుల చేతిలో మరణించెను. 1946 మొదలు తెలంగాణపు రైతులు దొరలను, రజాకారులను వడిసెలలతోను, కారపుపొడితోను, పిదప తుపాకులతోను ఎదిరించిరి. 1951 అక్టోబరులో ఆ సాయుధపోరాటము విరమింపబడెను. గతిలేక ఆయుధ మెత్తినవారిని మేము నిందింపము. అయినను ఎత్తుటకంటె దించుట కష్టమను సంగతిని ఈ సీమ చక్కగ నెఱుగును. 1980 తరువాత ఇరుపక్షముల తుపాకులనడుమ ఎందఱు తల్లులు బిడ్డలను పోగొట్టుకొనిరో ఈ గ్రామములలో విచారించి తెలిసికొనవచ్చును.

మఱి ఏ ఆయుధము నెన్నుకొనవలెను? దీనికి కొలబద్దను వెదకుటకై దూరము పోనక్కఱలేదు. గనిలో దిగు కార్మికుడు ప్రతిదినమును దానిని చూచుచున్నాడు. పేలుడుమందు తుపాకిమందుకంటె భయంకరమైనది. దానిని గనిలో ఎట్లు వాడుదురు? మందు తాళము వేసిన మ్యాగజైనులో నుండును. సర్టిఫికెటు పొందిన షాట్‌ఫైరరు తప్ప ఇతరులు దానిని పేల్చరాదు. మందు వేఱుగను, డిటోనేటర్లు వేఱుగను మోయబడును. పేల్చుటకు ముందు అచ్చటివారి నందఱిని చాటునకు పంపి, వచ్చు దారులన్నిట కాపలా నుంచి, కేక వేసి, పిమ్మటనే పేల్తురు. పేలని మందున్నచో వెంటనే దాపునకు పోరు. మిగిలినదానిని లెక్కచూచి తిరిగి యప్పగింతురు.

ఈ నియమములనుండి మూడు ప్రశ్నలు తీయవచ్చును. ఆయుధము తగులుచోట ఎవరున్నారో ప్రయోగించువాడు చూడగలడా? కడపటి క్షణమున మనసు మార్చుకొని ఆపగలడా? జరిగినదానికి ఇతడు బాధ్యుడని పేరుపెట్టి చెప్పుటకు ఒకడు నిలుచునా? ఈ మూటికిని ఔనని చెప్పలేని ఆయుధము ఎంత చౌకయైనను ధార్మికునకు తగదు.

ఈ కొలబద్దతో కరెంటుతీగను కొలుతము. రైతు సాయంకాలమున లైనునుండి తీగ లాగి చేనిచుట్టును, అడవిదారిని గట్టి యింటికి పోయి నిద్రించును. ఆ తీగకు కన్ను లేదు. పంది వచ్చినను, జింక వచ్చినను, దారితప్పిన ఆవు వచ్చినను, నీరు కట్టుటకు పోవు పొరుగురైతు వచ్చినను దానికి భేదము తెలియదు. వేసినవాడు నిద్రలో నుండుటచే ఆపలేడు. తెల్లవాఱి శవమును చూచినవాడు తీగ చుట్టుకొని పాఱిపోవును గాని బాధ్యుడై నిలువడు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారము మండలపు అడవిలో, విధినిర్వహణమునం దున్న గ్రేహౌండ్సు జవాను ఒకడు జంతువులకు పెట్టిన ఇట్టి తీగ తగిలి మరణించెను. అతనికిని తీగ వేసినవానికిని ఏ వైరమును లేదు. శత్రువును చంపినవాడు కోపముచే చంపెనని చెప్పవచ్చును. ఇచ్చట కోపమైనను లేదు. ఇది మాకు మఱింత దుఃఖకరముగ నున్నది; ఏలయన, వెలుగునకై ఇచ్చటి కార్మికులు భూగర్భమున దిగి తెచ్చిన బొగ్గు విద్యుత్తై పోయి, ఏ ఊరిపొలిమేరనో మరణమగుచున్నది.

పిండిముద్దలో పెట్టు నాటుబాంబునకును ఇదే తీర్పు. అది పంది దవుడనే కాదు, పశువు నోటిని, ఆడుకొను బిడ్డ చేతిని గూడ పగులగొట్టును. ఇక నాటుతుపాకి. దానికి కన్ను కలదు గాని చూపు మందము. గొట్టమున మందు కూరి, ఇనుపముక్కలు దట్టించి పేల్చునప్పుడు అవి ఏ దిక్కున పోవునో చేసిన కమ్మరికే తెలియదు. ఒక్కొకప్పుడు గొట్టమే పగిలి కాల్చువాని ముఖమున తగులును. లైసెన్సు లేని దగుటచే బాధ్యుడును లేడు. దెబ్బతిన్న మృగము చావక అడవిలో కుళ్లును, లేదా పగబట్టినట్లు తిరుగబడును. జిమ్ కార్బెట్ దొర 1907లో చంపిన చంపావతు ఆడపులి 436 మందిని పొట్టనబెట్టుకొనినదని లెక్క. దాని కుడివైపు కోఱలు రెండును పూర్వమెవరో కాల్చిన తుపాకిదెబ్బకు విఱిగియుండెననియు, అందుచే సహజమైన వేటకు అశక్తమై మనుష్యులపై బడెననియు ఆయన తేల్చెను. ఎవడో తొందరపడి గుఱితప్పి కాల్చిన ఒక్క గుండునకు వందలమంది వెల చెల్లించిరి.

వేడుకకై వేటాడుటనుగూర్చి విస్తరింప నక్కఱలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణమును ఆ వేడుకను మూసివేసినవి, మేము సంతోషించుచున్నాము. అయినను ఆ చట్టమే ప్రాణరక్షణకై సద్బుద్ధితో చేసిన వధను నేరముగ నెంచదు. పంటను పాడుచేయు పందుల విషయమున, అధికారముగల యటవీ యధికారి వ్రాతపూర్వకముగ అనుమతి నీయవచ్చును. అట్టి యనుమతి కలిగి కాల్చువాడు మంచి తుపాకిని, దానికి దగిన తూటాను వాడవలెను. పన్నెండు బోరు తుపాకిలో పిట్టలను గొట్టు సన్నగుండ్లు వేసి పందిని కాల్చుట క్రూరత్వము. అవి గాయము చేయును గాని ప్రాణము తీయవు. పెద్దగుండ్ల ఎల్.జీ. తూటాయైనను సుమారు 40 గజములు దాటినచో నమ్మదగదు. .315 రైఫిలు గుండు దూరము పోవును గాని, తప్పినచో మైలు దాటియు ప్రాణము తీయగలదు. కావున గుఱివెనుక మట్టిదిబ్బ యున్నదా, ఊరున్నదా యని చూడనివానికి రైఫిలు తగదు. వీనికంటె ముందు మంచెమీది కాపలాయు, సౌరశక్తి కంచెయు కలవు. ఆ కంచె క్షణమాత్రపు తాకిడిచే బెదరించి త్రోలును, చంపదు.

ఇచ్చట రైతు మమ్ము నిలదీయును: “అయ్యా! ధనవంతునకు లైసెన్సు దొరకును, రైఫిలు దొరకును. సౌరకంచెకు నాకు సొమ్ము లేదు. పంట పోయినచో నాకు దిక్కెవరు?” ఈ ప్రశ్నలో న్యాయ మున్నది, దానిని నీతివాక్యములతో కప్పివేయ దలపము. అడవిమృగమును చంపరాదని శాసించిన సమాజము, ఆ మృగము తిన్న పంటకు పరిహారమును ఆలస్యము లేక చెల్లింప ఋణపడియున్నది. చెల్లింపనిచో ఆ పాపమున దానికిని పాలు కలదు. అయినను ఆ ఋణమును రాబట్టుటకు మార్గము అర్జీ, సభ, ఓటు. దారిన పోవువాని ప్రాణము కాదు.

ఇక గనికార్మికుని ప్రశ్న. అయ్యా! మీరు కోరునది భార్యాబిడ్డల క్షేమము. తుపాకి దానికొక సాధనము మాత్రమే. ఆ సాధనము గమ్యమునకు చేర్చునా? 1993లో కెల్లర్మను మొదలగు అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, తుపాకి యున్న యిండ్లలో ఇంటివారు హత్యకు గుఱియగు నపాయము లేని యిండ్లకంటె సుమారు 2.7 రెట్లు అధికముగ కనబడెను. ఆ యిండ్లలో మొదటినుండియే కలహము లుండవచ్చునని కొందఱాక్షేపించిరి. ఆ యాక్షేపణ నిజమైనచో బోధ యింకను స్పష్టము: కలహమున్న యింట తుపాకి నుంచరాదు. దొంగ యేడాదికొకమాఱు రాకపోవచ్చును. కోపము, త్రాగుడు, నిరాశ అనునవి మాత్రము తలుపు తట్టకయే వచ్చును. తుపాకిని తాళము వేసి యుంచినచో తొందరలో చేతికందదు. దిండుక్రింద నుంచినచో బిడ్డ చేతికందును. ఈ చిక్కునకు పరిహారము ఏ దుకాణమునను అమ్మబడదు. పైగా మన క్వార్టరులలో ఒక గోడయే రెండిండ్లకు గోడ. తలుపు, కిటికీలు పలుచనివి. వానిని చీల్చిపోవు గుండు ప్రక్కయింటి పసిబిడ్డ నెఱుగదు.

అందుచే మేము చెప్పునది: మొదట గట్టి గడియ, వాకిట దీపము, పొరుగువారితో మైత్రి, అత్యవసరమున 112 నెంబరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులవారు ప్రథమ వితంతు వివాహము జరిపినప్పుడు విరోధులు పెక్కుమంది యుండిరి. ఆయనను కాపాడినది మొలలోని కత్తి కాదు. వెంట నిలిచిన విద్యార్థులును, మిత్రులును. రాత్రి షిఫ్టునకు పోవు పదిమంది కార్మికుల యిండ్లకు ఉదయపు షిఫ్టువారు వంతులవారీగ కన్ను వేసియుండుట ఏ రివాల్వరుకంటెను గట్టి రక్షణము.

అట్లుగాక నిజముగనే ప్రాణభయ మున్నచో చట్టప్రకారము లైసెన్సు కోరుడు. 2016 నాటి ఆయుధ నియమములు చెప్పు శిక్షణమును శ్రద్ధతో పొందుడు. తుపాకి వేఱుగను, తూటాలు వేఱుగను తాళము వేయుడు. తూటాలను షాట్‌ఫైరరువలె లెక్కించుడు. త్రాగుడు అలవాటున్న యింటికి తుపాకి తేవలదు. పెండ్లి యూరేగింపులలో ఆకాశమునకు కాల్చుట 2019 సవరణముచే శిక్షార్హమైనది; శిక్ష లేకున్నను అది మూఢత్వమే, ఏలయన ఎగసిన గుండు దిగక మానదు.

సోదరసోదరీమణులారా! చంపగల శక్తి కలిగియు చంపక యుండగలవానికే ఆయుధము తగును. ఆపుకొనుట యెఱుగనివాడు పుల్లను పట్టినను అపాయకరుడే. ఈ రాత్రి తీగ లాగబోవు చేతిని ఒక్క నిమిషము నిలిపి, ఈ త్రోవన ఎవరు వత్తురోయని తలచు బుద్ధిని సర్వేశ్వరుడు మన కందఱకు ననుగ్రహించుగాక! గోదావరి యీ యొడ్డున మనము పుట్టించు వెలుగు ఆ యొడ్డున ఒక తల్లి యింట దీపమై వెలుగుగాక!