పశువైద్యశాలలో అణువ్రతము



బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము: అహింసాణువ్రతమునకు ఈ ఐదును అతిచారములని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున చెప్పిరి. కట్టుట, కొట్టుట, కోయుట, మితిమీరి బరువు మోపుట, తిండినీళ్లు ఆపుట అన్నమాట.

మదుర, కోయంబత్తూరు తెలుగు వీథులనుండి పశువైద్యశాలకు పని నేర్వబోవు పిల్లవాడు మొదటి దినముననే వీనిలో మూడింటిని చూచును. ఎద్దును త్రాళ్లతో పడవేసి కట్టుదురు, శస్త్రమునకు ముందు మేత ఆపుదురు, చీముగడ్డ కోయుదురు. వ్రతభంగమా? కాదు. ప్రమాదముచే ప్రాణమునకు కలుగు హానియే హింస యని ఆ గ్రంథమే నిర్ణయించినది. ప్రమాద మనగా ఏమరుపాటు. కావున పిల్లవాడు భయపడవలసినది కత్తికి కాదు, ఒక ఆవునుండి మరియొక ఆవునకు మార్చక పొడిచిన సూదికి. ఆవునకు 101½ డిగ్రీల వేడి సహజము. మనుష్యుల లెక్కన జ్వరమనుకొని మందు పోసినను అంతే.

కొట్టుట, అధికభారము వైద్యశాలలో పుట్టవు, అంగడివీథినుండి వచ్చును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును అవి నేరములే. అయినను మదురకు పడమట సమణర్ కొండపై తీర్థంకరమూర్తులను దర్శించి వచ్చినవారే బండిపై ఇంకొక మూట వేయింతురు. కాడిపుండు కడుగుచు పిల్లవాడు బరువెంత యని అడుగును. బండివాడు మూటల యజమాని పేరు చెప్పును.