అరుపు విని వచ్చేవాళ్లు

మంత్రాలయంలో మఠానికి పోయే దారిలో టెంకాయల అంగడి పెట్టుకున్న ఒకాయన ఉండేవాడు. ఇల్లు వెనక సందులో. ముందు రెండు గదులు స్లాబు, వెనక తాతల నాటి బండల మిద్దె, ఆ మిద్దెలో వంటింటి మీద వెలుతురు కోసం వదిలిన గవాచి. శ్రావణ బహుళంలో రాఘవేంద్రస్వామి ఆరాధన వచ్చిందంటే ఏడు రోజులూ ఇంటిల్లిపాదీ అంగట్లోనే. తుంగభద్రలో మునిగిన జనం తడిబట్టలతోనే టెంకాయ కోసం వస్తారు. ఇంటికి మాత్రం బీగమే దిక్కు.

ఒక ఎండాకాలం పక్క సందులో దొంగలు పడ్డారు. ఆయన భయపడి ఆన్‌లైన్‌లో అలారం తెప్పించాడు. ఒక పెట్టె, వాకిళ్లకు పెట్టే సెన్సర్లు నాలుగు, మనిషి కదలికను పట్టేది ఒకటి, ఒక సైరను. ఎవరినీ పిలవకుండా తానే స్టూలెక్కి బిగించుకున్నాడు. పెట్టెలో సిమ్ వేస్తే సిగ్నలే రాలేదు. ఎమ్మిగనూరులో సెల్లుల అంగడి పిల్లోడు తిప్పి చూసి, "ఇది 2జీ పెట్టె అన్నా. జియోకు 2జీ ల్యా. వేరే సిమ్మేసుకో" అన్నాడు. మార్చాక పని చేసింది.

ఎదురింటి అవ్వ అరుగు మీద కూచుని ఇదంతా చూస్తోంది.

"అది మొత్తుకుంటే ఎవరొస్తార్రా నాయనా?"

"నా ఫోనుకు మెసేజొస్తాది అవ్వా. నేనే వస్తా."

"తేరు నాడు ఆ జనంలోంచి నువ్వు ఎప్పటికొచ్చేవు?"

ఆయన దగ్గర దానికి జవాబు లేదు. అప్పటికి పెద్దగా పట్టించుకోనూ లేదు.

మొదటి రాత్రి సైరను మోగింది. సందు సందంతా కర్రలూ టార్చిలైట్లూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. 2009 అక్టోబరులో నది ఊళ్లోకి వచ్చినప్పుడు ఒకరి తలుపు ఒకరు బాది లేపుకుని, పిల్లల్నీ ముసలోళ్లనీ మిద్దెలెక్కించుకున్న మనుషులు వాళ్లు. పిలిస్తే పలకడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. వచ్చి చూస్తే దొంగ లేడు. గోడ మీది బల్లి సెన్సరు మీదుగా పాకింది. మరో రోజు పట్టపగలే మోగింది, అప్పుడూ వచ్చారు. తర్వాత నడిరాత్రి రెండుసార్లు. ఆ పైన మోగితే ఎవరో లోపలినుంచే "ఆపప్పా ఆ గోల" అని అరిచారు. తలుపు మాత్రం ఎవరూ తీయలేదు.

ఆయనకు మొదట కోపమొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే కోపం పోయి భయం పట్టుకుంది. ఉత్తి అరుపుకు రమ్మని తానే వాళ్ల ఓపికను కరగదీశాడు.

మర్నాడు ఒక్కో సెన్సరూ విప్పి చూశాడు. వాకిలి సెన్సరు లోపల చిన్న గాజుగొట్టం, అందులో సన్నని ఇనుప రేకులు రెండు. తలుపుకున్న అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపూ అవి అతుక్కుని ఉంటాయి, తలుపు తెరిస్తే విడిపోతాయి, పెట్టె దాన్ని పసిగడుతుంది. ఈయన జిగురు టేపుతో అతికించాడు. మా సీమ ఎండకు ఆ జిగురు నిలుస్తుందా? సున్నం గోడ మీద అది జారింది, అయస్కాంతానికీ దానికీ ఎడం పెరిగింది, సైరను మోగింది. పెరటి తలుపు ఇనుపది. అయస్కాంతం బలాన్ని ఆ ఇనుమే లాగేసుకుంటోంది. కింద చెక్కముక్క పెట్టి, అన్నిటికీ మరలు బిగించాడు. కదలికను పట్టేదాన్ని పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాడు. అది చూసేది వేడిలో తేడాని. సాయంత్రం ఎండ నేరుగా పడితే దొంగ లేకున్నా అరుస్తుంది. నడివేసవి మధ్యాహ్నం గది వేడి మనిషి ఒంటి వేడితో సమానమైతే దొంగ వచ్చినా సరిగ్గా పట్టదు. దాన్ని నడవ మూలకు, మనిషి తలకంటే ఎత్తుకు, ఎండ సోకని చోటికి మార్చాడు. నడిచే మనిషి దానికి అడ్డంగా దాటాలి, అప్పుడే బాగా పడుతుంది.

నాలుగో సెన్సరును కిటికీకి పెడుతుంటే అవ్వ అడ్డుకుంది. "దొంగోడు వాకిట్లోంచే వస్తాడని నీకెవరు చెప్పినారు? మా కాలంలో గవాచిలోంచే దిగుతాండిరి." ఆయన గవాచికి మడతబందుల ఇనుపచట్రం చేయించి, నాలుగోది దానికి బిగించాడు.

ఆ తర్వాత చేసిన పనే ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది. ఇల్లిల్లూ తిరిగాడు. "ఇన్నాళ్లూ మీ నిద్ర చెడగొట్టినా. తప్పు నాది, సరిచేసినా. ఇకమీదట మోగితే నిజమని నమ్మండి. లోపలికి పోవద్దు, గట్టిగా అరవండి, 112కు చేయండి" అని నంబర్లు రాసిచ్చాడు. అందరి ఎదుటా ఒకసారి మోగించి వినిపించాడు.

ఆరాధన వచ్చింది. ఉత్తరారాధన నాడు మహారథోత్సవం, ఊరంతా తేరు దగ్గరే. సందులో మిగిలింది మోకాళ్ల నొప్పుల అవ్వా, చంటిబిడ్డతో దర్జీవాళ్ల కోడలూ. కరెంటు పోయింది. సైరను లోపలి బ్యాటరీ మీద మోగింది. అంగడాయన ఫోనుకు కాల్ వచ్చింది గానీ, అది గల్లాపెట్టెలో ఉంది, చుట్టూ మైకులు, మేళాలు. ఆయనకు వినబడలేదు. అవ్వ అరుగు మీదినుంచే గొంతెత్తి కేకలేసింది. కోడలు తమ మిద్దె మీదికెక్కి 112కు చెబుతూ, గవాచి చట్రమెత్తి ఒక కాలు లోపల పెట్టినవాణ్ణి చూసింది. వాడు కాలు లాక్కుని మిద్దెల మీదుగా పారిపోయాడు. అంగడాయన వచ్చేసరికి సందులో పది మంది ఉన్నారు.

నీతి: అరుపును అంగట్లో కొనవచ్చు, దాన్ని నమ్మి వచ్చే మనుషుల్ని మాత్రం మనమే నిలుపుకోవాలి.

అందుకే అలారం కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ధరా కాదు, సెన్సర్ల లెక్కా కాదు. మోగితే ఎవరికి వినబడుతుంది, వాళ్లు ఏం చేయాలి అన్నది తేల్చుకోవాలి. తర్వాత ఇంట్లోకి దారులెన్నో దొంగ కంటితో చూడాలి. పెట్టె సంగతి ఆ తర్వాతే. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ పద్ధతి కూడా ఈ వరసలోనే నడిచింది. ఊరికి పోయేవాళ్లు ముందుగా చెబితే పోలీసులు బీగం వేసిన ఇంట్లో కెమెరా పెట్టేవాళ్లు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు తెలిసేది, అక్కడినుంచి మనుషులు బయల్దేరేవాళ్లు. యంత్రం కబురు మాత్రమే చేరవేస్తుంది. ఉత్తుత్తి కబుర్లు పంపే యంత్రం అసలు లేకపోవడం కంటే చెరుపు, ఎందుకంటే నిజంగా అవసరమైన రోజుకు అది ఇరుగుపొరుగును చెవిటివాళ్లను చేసి పెడుతుంది.

బిగించిన మొదటి వారం సైరను ఆపి, మెసేజీలు మాత్రమే వచ్చేలా పెట్టి చూడండి. ఊరికే వచ్చే మెసేజీలు ఏ సెన్సరు నుంచో కనిపెట్టి దాని చోటు మార్చండి. అవి పూర్తిగా ఆగాకే సైరను కలిపి, వాడకట్టును పిలిచి వినిపించండి. ఊరు వదిలి పోయేముందు బ్యాటరీ, సిమ్‌లో బ్యాలెన్సు చూసుకోండి. పక్కింట్లో ఈ మధ్య ఎవరైనా కొత్తగా అద్దెకు దిగివుంటే వాళ్లకూ నంబరు ఇచ్చి వెళ్లండి.