క్షేత్రంలో అన్నం: మేళ్లచెరువు చెప్పే జవాబు

యాత్రకు వచ్చినవాడు ఎవరి చేతి అన్నం తినాలి అన్న ప్రశ్నకు మన ధర్మశాస్త్రాలు, పురాణాలు ఒకే మాట చెప్పవు. గడపలోకి వచ్చినవాడికి పెట్టి తీరాలని గృహస్థుకు ఆదేశం ఉంది. ఎవరు పెడతారా అని చూడవద్దని యాత్రికుడికీ ఆదేశం ఉంది. ఒకటి రెండు రోజులకు ఏదైనా ఊరు చూడబోయినవాళ్లు అక్కడివాళ్లు తినేదే తామూ తినాలని కోరుకోవడం ఇవాళ మామూలైంది. కోరిక కొత్తది కావచ్చు, దాని అడుగున ఉన్న సందేహం మాత్రం చాలా పాతది: ఒక ఊరి అన్నంలో బయటివాడికి వాటా ఉందా, ఉంటే ఏ హక్కుతో? సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు ఈ సందేహాన్ని దగ్గరగా చూడటానికి తగిన చోటు.

2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ ఊరికి పేరు తెచ్చింది స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయం. అమ్మవారు ఇష్టకామేశ్వరి. కాకతీయుల కాలం నాటి గుడిగా దీన్ని చెబుతారు. లింగం ఏటేటా పెరుగుతోందని భక్తుల నమ్మకం. లింగం శిరసున ఉన్న చిన్న గుంటలో ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది, దాన్ని గంగగా భావిస్తారు. దక్షిణ కాశి అన్న పేరు అందుకే వచ్చిందంటారు. ఊరి చుట్టూ సున్నపురాయి నేల ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలూ వచ్చాయి. అంటే ఈ ఊరికి వచ్చేవాళ్లు మొక్కు తీర్చుకునే భక్తులు మాత్రమే కారు. లారీ డ్రైవర్లు, కూలీలు, ఉద్యోగులు కూడా ఇక్కడ ఆకలితో దిగుతారు. వీళ్లలో అతిథి ఎవరు, ఊరివాడు ఎవరు అన్నది తేలిగ్గా తేలదు.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థయాత్ర గురించి చెబుతాడు. యజ్ఞాలు చేయలేని పేదవాడికి యాత్ర యజ్ఞంతో సమానం, ఇంకా మిన్న అంటాడు. ఆ ఫలం దక్కడానికి పెట్టిన నియమాల్లో రెండు తిండికి సంబంధించినవి: మితంగా తినాలి, దానం పట్టకూడదు. యాత్రలో పరాన్నం తింటే పుణ్యం పెట్టినవాడి ఖాతాలో పడుతుందన్న నమ్మకం ఇళ్లలో నేటికీ వినిపిస్తుంది. దీనికి ఎదురుగా తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి నిలుస్తుంది. అన్నమే బ్రహ్మమని భృగువు మొదట తెలుసుకుంటాడు. అక్కడితో ఆగక ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం వరకు వెళ్తాడు. విశేషం ఏమిటంటే, ఆనందం దాకా వెళ్లిన ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే తిరిగి వస్తుంది. అన్నాన్ని నిందించకూడదు, విరివిగా సంపాదించి ఉంచాలి, ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి కాదనకూడదు అని వ్రతాలు విధిస్తుంది. జ్ఞానం పూర్తయ్యాక చేయాల్సిన పని వంట అన్నట్టుగా ఉంటుంది ఆ వరస.

మనుస్మృతి మూడో అధ్యాయం ఒక్క రాత్రి ఉండి పోయేవాణ్ణే అతిథి అంటుంది. అదే ఊళ్లో ఉండేవాడు అతిథి కాడు. భోజనం కోసం కులగోత్రాలు చెప్పుకోవడం తప్పని కూడా అంటుంది. ఎంతో దూరం వెళ్లగల మాట ఇది. కానీ అదే అధ్యాయం వెంటనే వర్ణాన్ని బట్టి ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరు సేవకులతో కలిసి తినాలో వరస కడుతుంది. అడగవద్దు అన్న నియమం, అడిగి కూర్చోబెట్టే ఏర్పాటు పక్కపక్కనే ఉండటం ఈ సంప్రదాయంలోని పెద్ద చిక్కు. తర్వాతి చర్చంతా ఆ చిక్కు చుట్టూనే తిరిగింది.

గుడిలో అయితే ఈ చిక్కు పోవాలి. ప్రసాదం దేవుడిది, దాని మీద ఎవరి ఆధిపత్యమూ ఉండదు అనుకుంటాం. శివాలయంలో అది కూడా అంత సూటిగా లేదు. శివనిర్మాల్యం శివగణాల్లో ఒకడైన చండుడి భాగమని, మనుషులు తినకూడదని ఆగమాల్లో ఒక బలమైన మాట ఉంది. చాలా శివాలయాల్లో నైవేద్యం అందుకోవడానికి పెద్దవాళ్లు వెనకాడటం ఇందువల్లే. శివపురాణంలోని విద్యేశ్వరసంహిత దీనికి మినహాయింపులు చెబుతుంది. బాణలింగం, సిద్ధులు ప్రతిష్ఠించిన లింగం, స్వయంభూలింగం ఉన్నచోట చండుడికి అధికారం లేదు. లింగం మీద పెట్టినది కాక, లింగస్పర్శ లేకుండా నివేదించినది స్వీకరించవచ్చు. ఈ లెక్కన మేళ్లచెరువు స్వామి స్వయంభువు కాబట్టి ఆయన ప్రసాదానికి అడ్డు లేదు. ఎవరూ ప్రతిష్ఠించని దేవుడి దగ్గర అన్నానికి కావలివాడు లేడన్న ఈ సూక్ష్మం, శాస్త్రం చేసిన మిగతా విభజనలకన్నా ఉదారమైనది. స్వయంభూ క్షేత్రాల స్థలపురాణాల్లో తరచూ వినిపించే కథలు కూడా ఇటే చూపుతాయి. వాటిలో దేవుణ్ణి మొదట తెలుసుకునేది రాతి మీద పాలు కార్చిన ఆవు, ఆ ఆవు వెంట వెళ్లిన పశులకాపరి. పూజారి ఆ తర్వాత వస్తాడు.

వీరశైవులు ఇంకా ముందుకు వెళ్లారు. వాళ్ల అష్టావరణాల్లో ప్రసాదం ఒకటి. దాన్ని కాదనడమే వాళ్లకు తప్పు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రాసిన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. చోళరాజు గుర్రాలకు గడ్డి కోసే చెన్నయ్య లోకానికి తెలియకుండా శివుణ్ణి కొలుస్తూ అంబలి నివేదిస్తాడు. ఒకరోజు రాజు పెట్టిన పంచభక్ష్యాలు శివుడు ముట్టడు, చెన్నయ్యతో అంబలి తాగి వచ్చానంటాడు. రాజు వెళ్లి ఆ మాదిగ భక్తుడి కాళ్ల మీద పడతాడు. కన్నప్ప వేట మాంసం రుచి చూసి పెట్టిన కథా అదే పుస్తకంలో ఉంది. తెలంగాణ నేల మీద పుట్టిన ఈ కావ్యం యాత్రికుడి ప్రశ్నను తలకిందులు చేస్తుంది. ఇక్కడ ఊరి తిండిని వెతుక్కుంటూ వచ్చిన పరాయివాడు శివుడే. ఆయన ఎంచుకున్నది ఆ ఇంట్లో రోజూ ఉండే అంబలి. ఏ వంటకం గొప్పది అన్న విచారం ఈ కథలో లేదు. ఎవరి పక్కన కూర్చుని తాగాడన్నదే కథంతా.

మేళ్లచెరువుకు ఎక్కువమంది వచ్చేది మాఘ బహుళ చతుర్దశికి. శివరాత్రికి రోజుల తరబడి జాతర సాగుతుంది, ఎద్దుల బండలాగుడు పందేలు జరుగుతాయి. పొరుగు జిల్లాల నుంచి, కృష్ణ అవతలి నుంచి కూడా జనం వస్తారు. ఊరు కిటకిటలాడే ఆ రోజున ఊరివాళ్లు తినేది ఏమిటని అడిగితే, పగలంతా ఏమీ తినరన్నదే జవాబు. ఆ రోజు ఒక్కపొద్దు. ఇంట్లో పొయ్యి వెలిగినా అది పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం. కాబట్టి శివరాత్రినాడు మేళ్లచెరువులో స్థానికులలా తినాలనుకునేవాడికి మొదటి పాఠం ఆకలి. ఏ ఊరి ఆహారపు అలవాట్లలోనైనా తినని రోజులు ఒక భాగం. వాటిని వదిలేసి తినే రోజులనే ఏరుకుంటే చేతికి వచ్చేది సగమే. దీన్ని ఏ వంటల జాబితా చూపించదు. కానీ ఒక సమాజం అన్నాన్ని ఎలా చూస్తుందో, దాన్ని ఎప్పుడు పక్కన పెడుతుందో చూస్తేనే బాగా తెలుస్తుంది.

ఆ ఆకలి ఎప్పుడు తీరాలన్నదీ చిన్న విషయం కాదు. చతుర్దశి ఉండగానే పారణ చేయాలన్న వచనాలు, తిథి ముగిశాకే చేయాలన్న వచనాలు రెండూ ఉన్నాయి. 1612లో కమలాకరభట్టు రాసిన నిర్ణయసింధువు లాంటి గ్రంథాలు వాటికి పొత్తు కుదర్చడానికి చాలా శ్రమపడ్డాయి. రెంటిలో దేన్ని పట్టుకున్నా, రాత్రి నాలుగు జాముల పూజ అయ్యాకే అన్నం. తెలంగాణ పల్లెల్లో ఎంతోమంది మాత్రం పొద్దుగూకాక దీపం పెట్టి, దేవుడికి పండ్లు చూపి, ఉడికించిన మొరంగడ్డ, ఖర్జూరం, పుచ్చకాయ తిని ఒక్కపొద్దు విడుస్తారు. ఆ తర్వాత జాగారం. శాస్త్రం ప్రకారం ఇది సడలింపు. అయితే పగలంతా చేలో, ఇంట్లో పనిచేసే మనిషి చేయగల వ్రతం ఇది. దేవుడికి ముందు, తనకు తర్వాత అన్న వరస ఇందులోనూ చెక్కుచెదరలేదు. మొరంగడ్డ ముక్క ప్రసాదమయ్యేది ఆ వరసవల్లే. బజారులో అదే గడ్డ కొని తింటే కడుపు నిండుతుంది, అంతవరకే.

మేళ్లచెరువు పరిసరాల్లో దేవుడి అన్నం ఒకే తీరుగా ఉండదు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాలో ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. హిందువులు, ముస్లింలు కలిసి వచ్చి ఆ దర్గా సైదులుకు మొక్కి, యాటను కోసి అక్కడే వండి కందూరు చేస్తారు. ఆ మొక్కు గుర్తుగానే ఈ ప్రాంతంలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు మతంతో పని లేకుండా పెడతారు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే జాతరలో లింగమంతులస్వామికి బోనం వండితే, చౌడమ్మకు యాటను బలిస్తారు. ఒకే గుట్ట మీద రెండు రకాల నైవేద్యం, ఒకే కుటుంబం రెండూ తింటుంది. ఉపవాసం, శాకాన్నం, మాంసం అన్నవి ఈ జిల్లా మనుషులకు మూడు మతాలు కావు. ఏ దేవుడి దగ్గర, ఏ రోజున అన్న తేడాలే. శుద్ధి అశుద్ధి పదార్థంలోనే ఉంటాయనే సిద్ధాంతానికి ఈ ఆచారం నిశ్శబ్దంగా, గట్టిగా బదులు చెబుతుంది.

ఇక ఊరి తిండి అంటే ఏది? పాతకాలంలో ఈ మెట్టనేలల్లో జొన్నే ప్రధానం: జొన్నరొట్టె, గటక, అంబలి, వాటి పక్కన పచ్చిమిరప తొక్కు, పచ్చిపులుసు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. ఒక తరం లోపలే జొన్న కంచం వరికంచమైంది. పండగకు మాత్రమే వండిన తెల్లన్నం రోజూ వండుకోగలగడం పేదలకు చిన్న గెలుపు కాదు. అందుకే జొన్నరొట్టె ఒక్కటే అసలు తిండి, వరి పరాయిది అనడం ఇక్కడ సరికాదు. తాతలు విధిలేక తాగిన గటకను నేడు బయటివాళ్లు రుచి కోసం వెతకడంలో తప్పేమీ లేదు, అది నిజంగా మంచి తిండి. దాన్ని వదిలి వరికి మారినవాళ్లను తమ తిండి తాము మరిచారని అనడం మాత్రం అన్యాయం.

చివరిగా హోటల్ సంగతి. యాత్రికులకు పూర్వం సత్రాలు ఉండేవి. పెట్టినవాళ్ల దయ గొప్పదే అయినా చాలా సత్రాల్లో పంక్తి కులాన్ని బట్టి ఉండేది. కొన్ని కులాలవాళ్లకు ఆ గడప లోపలే చోటు లేదు. ఈ క్షేత్రానికి వచ్చిన మాదర చెన్నయ్యలు ఎక్కడ తిన్నారన్న ప్రశ్నకు సత్రాల చరిత్ర తలదించుకోవాలి. మరోవైపు అన్నం అమ్మడాన్ని స్మృతులు నిందించాయి. కలియుగంలో ఊళ్లు అన్నం అమ్ముకుంటాయని అరణ్యపర్వంలో మార్కండేయుడు చెబుతాడు. ఆ దుశ్శకునమే నిజమై, బస్టాండు పక్కన టిఫిన్ బండ్లుగా, మెస్సులుగా, కోదాడలో హైదరాబాద్–విజయవాడ రహదారి మీద హోటళ్లుగా వెలిసింది. డబ్బిచ్చినవాణ్ణి కులం అడగని బల్ల అలా ఏర్పడింది. అదీ వెంటనే కాలేదు. టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతి తెలంగాణ పల్లెల్లో చాలాకాలం నడిచింది. దుకాణాలు, హోటళ్లలోకి కులం, మతం పేరిట ఎవరినీ రానివ్వకపోవడాన్ని 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం నిషేధించింది. కులగోత్రాలు చెప్పుకుని తినవద్దన్న మనువు మాట అందరి విషయంలో అమలు కావడానికి కలియుగ లక్షణమని తిట్టిన అంగడి, ఆ పైన ఈ చట్టం అవసరమయ్యాయి.

అలాగని అమ్మిన అన్నం, పెట్టిన అన్నం ఒకటి కావు. డబ్బు చెల్లిస్తే రుణం అక్కడితో తీరుతుంది, సంబంధమూ తీరుతుంది. అన్నదానంలో రుణం మిగులుతుంది. పులస్త్యుడు భయపడింది ఆ రుణానికే. ఆచారం దానికో దారి కనిపెట్టింది: తిన్నవాడు తర్వాత పెట్టేవాడు కావడం. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం భక్తుల విరాళాల మీద వచ్చే వడ్డీతో నడిచే అలాంటి ఏర్పాటే. చిన్న క్షేత్రాల్లోనూ పండగ రోజుల పంక్తికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేవాళ్లలో ఒకప్పుడు అక్కడే ఆకు వేసుకుని తిన్నవాళ్లు ఉంటారు. రెండు రోజులకు మేళ్లచెరువు వచ్చినవాడు శివరాత్రినాడు ఒక్కపొద్దు ఉండి, ప్రసాదం అందుకుని, మర్నాడు ఆ పంక్తిలో పక్కవాడి పేరు అడగకుండా కూర్చోవచ్చు. మనువు లెక్కలో ఒక్క రాత్రికే అతిథి, రెండో రాత్రికి ఆ హక్కు లేదు. ఆ తర్వాత అతను తినేది కొనుక్కున్నదైనా కావాలి, తాను కూడా బియ్యం పోసిన పంక్తిలోదైనా కావాలి.