బూస్ట్ పెంచే ముందు, బిడ్డా

ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత ఆక్టేవియా 1.8 టర్బోను పైకెత్తి పెట్టావని, పెద్ద టర్బో వేసి 150 హార్స్‌పవర్ ఇంజిన్‌ను రెట్టింపు చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. నిన్ను ఆపమని అడిగింది. నేను ఆపను బిడ్డా. చేత్తో పని నేర్చుకునే పిల్లవాణ్ని ఆపే పాపం నాకొద్దు. ఆరాంఘర్ దాటి కాస్త ముందుకు పోతే బహదూర్‌పురా. అక్కడి సుధాకర్ గారు చిన్న వయసులోనే తుక్కు సామాన్లతో బండ్లు చేయడం మొదలుపెట్టి, 2005లో ప్రపంచంలోనే అతి పెద్ద మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌లోకి ఎక్కారు. 2010లో తన కార్లకో మ్యూజియమే పెట్టారు. మన హైదరాబాద్ చేతిపనిని చిన్నచూపు చూసే ఊరు కాదు.

నా ఉద్యోగమంతా విమానాల మెయింటెనెన్స్‌లోనే గడిచింది, ముందు బేగంపేటలో, 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మారాక ఇక్కడ శంషాబాద్‌లో. ఆ పనిలోంచి నీకు ఇవ్వదగ్గది ఒక్కటే ఉంది. అంచనాతో ఏదీ బిగించకు.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి, 17 వేల అడుగుల ఎత్తులో, కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. ఆ గాలికి కెప్టెన్ నడుం దాకా బయటికి పోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు వదలకుండా పట్టుకున్నారు, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. ఆ మనిషి బతకడం దేవుడి దయ. తర్వాత విచారిస్తే తేలిందేమిటంటే, అంతకు ముందు రోజే మార్చిన ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా మిల్లీమీటరు కూడా లేదు. పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో సరిచూసి తీసుకున్నారు, పుస్తకం తెరవలేదు. బిగించినవాడు అనుభవం ఉన్నవాడే, శ్రద్ధ ఉన్నవాడే. అందుకే ఈ సంగతి నీకు ఇంత వివరంగా చెబుతున్నా.

టర్బో దగ్గరి బోల్టులకు పడే కష్టం ఇంకో రకం. పూర్తి లోడులో ఎగ్జాస్ట్ 900 డిగ్రీల దాకా పోతుంది. అక్కడి స్టడ్డు కాలి సాగుతుంది, చల్లారి బిగుసుకుంటుంది, మళ్లీ కాలుతుంది. రాణిగంజ్‌లో చూడ్డానికి అలాగే ఉందని తెచ్చి పెట్టకు. కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవే వెయ్యాలి. చక్రాల బోల్టులకు 120 న్యూటన్ మీటర్లు, అదీ టార్క్ రెంచ్‌తోనే, భుజబలంతో కాదు. బిగించిన ప్రతిదానికీ పెయింట్ పెన్నుతో గీత గీసి, నోటుబుక్కులో తేదీ, కొలత రాయి. మా దగ్గర సంతకం పడని పని జరగనట్టే లెక్క. షిఫ్టు అయ్యేసరికి ఒక్క పానా లెక్క తగ్గినా విమానం కదిలేది కాదు.

ఇక వేడి సంగతి. మన రన్‌వే సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైనే ఉంది. గాలి పలచన. అంతే ఒత్తిడి రావాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, అప్పుడు గాలి మరింత కాగుతుంది. పైగా మే నెల ఎండ. ఇంటర్‌కూలర్ చిన్నదైతే నాకింగ్ మొదలవుతుంది, అది బయటికి వినపడేలోపే పిస్టన్ కరుగుతుంది. బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అదే గాలికి మామూలు పెట్రోలుకన్నా ఎక్కువ ఇంధనం కావాలి దానికి. వేరే దేశం ఇంధనానికి రాసిన ఇంజిన్ కంప్యూటర్ మ్యాప్ తెచ్చి ఎక్కిస్తే, సరిగ్గా బూస్ట్ ఎక్కినప్పుడే ఇంధనం చాలకపోవచ్చు. ఇంజెక్టర్లు, పంపు, వైడ్‌బ్యాండ్ సెన్సర్ ముందు కొను. టర్బో ఆ తర్వాత. టర్బోకు ఆయిల్ తెచ్చే పైపులో మడ్డి పేరుకోవడం ఈ ఇంజిన్‌కు పాత జబ్బు, ఆ పైపు కొత్తది వెయ్యి. ఇవన్నీ చేసినా, టార్క్ మరీ పెంచితే ముందు వంగేవి కంపెనీ రాడ్లే.

జాకీని నమ్మి బండి కింద దూరకు. స్టాండ్లు పెట్టి, బండిని ఊపి చూసి అప్పుడు దూరు. షట్టర్ మూసి ఇంజిన్ నడపకు, ఆ పొగ సంగతి తెలిసేలోపే మనిషి పడిపోతాడు. మంటలార్పే సిలిండర్ చేతికందేచోట తగిలించు.

చట్టం కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదమైతే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. కాబట్టి ఈ కారు రోడ్డు బండి కాదని ఇప్పుడే తీర్మానించుకో.

రాత్రిళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద కుర్రాళ్లు కార్లు ఉరికిస్తున్నారని నాకు తెలుసు. నిన్నూ పిలుస్తారు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ గారి చిన్నకొడుకు అయాజుద్దీన్ 19 ఏళ్లకే ఆ రోడ్డు మీద బైకు ప్రమాదంలో దెబ్బలు తిని ప్రాణం వదిలాడు. ఆ తండ్రి ముఖం టీవీలో చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు, అప్పటికి నువ్వు బడికి పోయే పిల్లాడివి. ఉరికించాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. హెల్మెట్ పెట్టుకుని, అంబులెన్స్ సిద్ధంగా ఉన్నచోట, కారును లారీ మీద ఎక్కించుకుని పోదాం. లారీ కిరాయి నేనిస్తా.

ఈ ఆదివారం పొద్దున్నే వస్తున్నా, కంప్రెషన్ గేజ్ తెస్తా. ఇంజిన్ వేడెక్కించి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి నాలుగు సిలిండర్లూ చూద్దాం. ఒక్కటి మిగతావాటికన్నా బాగా తగ్గినా సరే, టర్బోకని దాచిన డబ్బు రింగులకు పోతుంది. అప్పటిదాకా ఏ పార్టుకూ అడ్వాన్సు కట్టకు.